అద్దం మీద కొసరు

పోయిన వారం మధులతను ఫిజిక్స్ ల్యాబులో, నెత్తిన నింద పడబోతున్న సమయంలో వదిలేసి మనదారిన మనం వచ్చేశాం. వారం రోజులు ఒక ఆడపిల్లను అలా నిలబెట్టడం న్యాయం కాదు. తొందరగా వెళదాం పదండి.

మధులత మండపేటలో కిరాణా కొట్టు నడిపే జోగేశ్వరరావుగారి ఒక్కగానొక్క కూతురు. రాజమండ్రిలో కాలేజీ లెక్చరరు. పాఠాలు చెప్పుకుంటూనే ఆరేళ్ళుగా పరిశోధన చేస్తోంది. ఆ పరిశోధన ఏమిటయ్యా అంటే, మామూలు గాజు పలక మీద కంటికి ఆననంత పల్చగా టిన్ ఆక్సైడ్ పొర వేయడం. గాజు గాజులాగే కనబడాలి, దానిమీద కరెంటు మాత్రం పారాలి. మీ చేతిలో కాలిక్యులేటర్ ఉంటే దాని తెర లోపల ఇలాంటి పొరే ఒకటి ఉంటుంది. పెద్ద పెద్ద దేశాల్లో దాన్ని గదంత యంత్రాలతో వేస్తారు. మధులత దగ్గరున్నవి ఒక గాజు నాజిల్, గాలి పంపు, నాలుగు వందల డిగ్రీల దాకా కాగే వేడి పలక. వాటితోనే ఆమె పొర నిరోధాన్ని పదకొండు ఓములకు దించింది. నిరోధం ఎంత తక్కువైతే కరెంటు అంత సులువుగా పోతుంది కనుక అది గొప్ప అంకె.

అయితే ఆ పదకొండు, థీసిస్ పరీక్షించడానికి హైదరాబాదు నుంచి వచ్చిన ప్రొఫెసర్ శశిభూషణ్‌గారికి గొంతు దిగలేదు. "మీరు పత్రికలో వేసిన పేపరు ముందు పెట్టుకుని మా ల్యాబులో ఎనిమిది నెలలు తంటాలు పడ్డాం. ముప్పై మూడుకి ఒక్క ఓము తగ్గలేదు" అన్నారాయన. నిన్న సాయంత్రం ఆయనే మధులత సామానుతో, తన చేత్తో పొర వేశారు. ముప్పై మూడే వచ్చింది. "ఇది పొరపాటా, అబద్ధమా? రేపు తేలాలి" అని లేచి వెళ్ళిపోయారు.

ఆ రేపు తెల్లారింది.

గోదావరికి ఎర్రనీరు వచ్చిన జూలై నెల అది. బయట ముసురు. ల్యాబులో మాత్రం వేడి పలక పుణ్యమా అని పెళ్ళివారి వంటశాలలో ఉన్నంత ఉక్క. మధులతకు గైడుగా ఉన్న చలపతిగారు కిటికీ దగ్గర నిలబడి కళ్ళజోడు తుడిచిందే తుడుస్తున్నారు. రెండేళ్ళలో ఆయన రిటైరవుతారు. ఆయన చేతికింద తయారైన థీసిస్సు ఇదొక్కటే. మధులత రాత్రంతా నిద్రపోలేదు. డిగ్రీ రాకపోతే రాకపోయింది, రెండేళ్ళు ఏడ్చి ఊరుకుంటుంది. కానీ 'అబద్ధం' అన్న మాట ఒకసారి పేరుకు అంటుకుంటే అది ఏ యాసిడ్‌తో కడిగినా పోదు. ఆమెను పట్టి పీడిస్తున్న భయం అదే.

"మొదలుపెట్టండమ్మా" అన్నారు శశిభూషణ్‌గారు. సీసాలు ఆయన తెచ్చినవే, గాజు పలకలు ఆయన తెచ్చినవే. కుర్చీ లాక్కుని సరిగ్గా ఆమె ఎదురుగా కూర్చున్నారు.

మధులత తూకం గదిలోకి వెళ్ళింది. గది అంటే పేరుకే, ఒక బల్ల, దానిమీద అద్దాల పెట్టెలో రసాయనాల త్రాసు, ఒక మనిషి నిలబడే చోటు. ముందు తగరం ఉప్పు, తగరమంటే టిన్నే, పది గ్రాములు. అది గడ్డలు గడ్డలుగా ఉంటుంది కనుక ఫోర్‌సెప్స్‌తో తీసి వేసింది. తర్వాత ఫ్లోరిన్ ఉండే తెల్లపొడి ఒక గ్రాము, బటర్ పేపరు మీద, ప్లాస్టిక్ చెంచాతో. గుమ్మంలోంచి మెడ సాచి ముల్లు సరిగ్గా నడిమధ్యన నిలిచిందని ప్రొఫెసర్‌గారు కళ్ళారా చూశారు. "సరే" అని తన నోట్సులో రాసుకున్నారు.

మధులత రెండూ కరిగించి కలిపి, నాజిల్‌లో పోసింది. సన్నటి తుంపర కాగిన గాజు మీద పడి, చుయ్‌మని పొగై ఎగిరింది. పడ్డచోటల్లా ఏదో మిగిలిపోతోంది కానీ కంటికి కనబడడం లేదు. అరగంట తర్వాత పలక చల్లారాక పక్కనుంచి చూస్తే లేత గులాబీ రంగు మెరిసింది. ఎదురుగా చూస్తే ఉత్త గాజు. నిరోధం కొలిచే నాలుగు సూదుల మీటరు కింద పెట్టారు.

పదకొండు.

శశిభూషణ్‌గారు పలక వాసన చూశారు. గాలి పంపు గొట్టం ఊడదీసి చూశారు. మధులత చేతులు కడిగించి, మళ్ళీ వేయించారు. మళ్ళీ పదకొండే. అవే సీసాలతో ఆయన వేశారు. ముప్పై మూడు. ఈసారి ఆయన మొహంలో కోపం పోయి, దాని స్థానంలో చిన్నపిల్లవాడి ఉక్రోషం వచ్చింది.

"నాకూ మీకూ తేడా ఏంటమ్మా? నా చెయ్యేమైనా పాపం చేసుకుందా?"

"నాకూ అర్థం కావట్లేదండి" అంది మధులత. నిజంగానే ఆమెకు అర్థం కాలేదు. తన మీద తనకే అనుమానం వచ్చే స్థితికి వచ్చిందామె. తెలియకుండా మోసం చేయడం అంటూ ఉంటుందా అని ఆలోచించసాగింది.

ఒంటిగంటకు జోగేశ్వరరావుగారు దిగారు. తెల్ల పంచె, భుజాన కండువా, చేతిలో అయిదు గిన్నెల క్యారియర్, వెనకాల ఆటోవాడి చేతిలో ఇంకొకటి. మండపేట నుంచి బస్సులో వచ్చారు. పరీక్ష పెట్టేవాడు ఆకలితో ఉంటే మార్కులు పడవన్నది ఆయన గట్టి నమ్మకం. కూతురు పదో తరగతి నుంచీ ఇదే వరస.

"అయ్యా, పొట్ట ఖాళీగా ఉంటే కోపాలు ఎక్కువవుతాయండి. ముందు భోంచెయ్యండి" అంటూ పనసపొట్టు కూర, పులిహోర, దప్పళం ల్యాబు బల్ల మీద పేర్చేశారు. పరీక్షకుడు అభ్యర్థి ఇంటి భోజనం తినొచ్చా అని శశిభూషణ్‌గారు ఒక్క క్షణం మథనపడ్డారు. పనసపొట్టు కూర మీది ఆవపెట్టిన ఘాటు ముక్కుకు తగిలాక ఆ ధర్మసందేహం తీరిపోయింది.

"ఇంతకీ ఆ తెల్లపొడి ఏం చేస్తుందమ్మా?" అనడిగారు జోగేశ్వరరావుగారు, వడ్డిస్తూ. ఆరేళ్ళలో ఆయన ఈ ప్రశ్న అడగడం ఇదే మొదటిసారి. కూతురికి దిగులుగా ఉందని కనిపెట్టి, మాటల్లో పెడుతున్నారు.

"పొరలో టిన్నూ ఆక్సిజనూ పంక్తిలో కూర్చున్నట్టు వరసగా ఉంటాయి నాన్నా. ఆక్సిజన్‌కి రెండు ఎలక్ట్రాన్లు కావాలి. దాని పీట మీద ఫ్లోరిన్‌ని కూర్చోబెడితే, దానికి ఒక్కటే చాలు. రెండోది ఎవరికీ అక్కర్లేకుండా మిగిలిపోతుంది. మిగిలినవన్నీ పొరంతా తిరుగుతాయి. అదే కరెంటు."

"మరింకేం, నిండా పోసెయ్యమ్మా."

"అన్ని పీటలుండవు నాన్నా. ఎక్కువైన ఫ్లోరిన్ నడిచే దారిలో అడ్డంగా నిలబడుతుంది. కరెంటు తగ్గిపోతుంది, గాజు తెల్లగా మసకేస్తుంది. ఎంత కలపాలో అంతే కలపాలి. అంతా ఆ పాళ్ళలోనే ఉంది."

"వడ్డించేవాళ్ళే పంక్తి మధ్యలో కూర్చుంటే భోజనాలు సాగవు కదా, అంతేనా?" అన్నారాయన. చలపతిగారు పొద్దుటినుంచి మొదటిసారి నవ్వారు.

భోజనాలయ్యాయి. "ఆఖరిసారి చేద్దాం" అన్నారు శశిభూషణ్‌గారు, చేతులు తుడుచుకుంటూ. మధులత తూకం గదిలోకి వెళ్ళింది. ఖాళీ క్యారియర్ పట్టుకుని జోగేశ్వరరావుగారు కూడా గుమ్మం పక్కన నిలబడ్డారు. ఆమె తగరం ఉప్పు తూచింది. తెల్లపొడి చెంచాతో తీసి కొంచెం కొంచెం రాల్చింది. ముల్లు ఊగి ఊగి నడిమధ్యన ఆగింది. ప్రొఫెసర్‌గారు మెడ సాచి చూసి, "సరే" అని నోట్సు మీదికి వంగారు.

"అమ్మడూ, అంత కొసరేంటమ్మా? అదేమైనా కందిపప్పా?"

జోగేశ్వరరావుగారు మామూలుగా, కొట్లో కుర్రవాళ్ళను మందలించినట్టు అన్నారు. మిగతా ముగ్గురూ ఆయనవైపు తిరిగారు.

"ఏమన్నారండీ?" అన్నారు శశిభూషణ్‌గారు.

"అదేనండి. తూకం సరిపోయాక, త్రాసు దింపి, కాగితం చేతిలోకి తీసుకుని, చెంచాలో మిగిలింది కూడా అందులో దులిపేసింది కదండీ."

"నేనా? నేనేం దులపలేదు నాన్నా!" అంది మధులత.

"దులిపావమ్మా. నువ్వు చూసుకోలేదు. నీ చెయ్యి దులిపింది."

మధులత చెంచా వంక చూసింది. తళతళా ఖాళీగా ఉంది. ఒక గ్రాము కోసం చెంచా నిండా పొడి తీసినప్పుడు, ఒక గ్రాము రాల్చాక కొంత మిగలాలి కదా? సీసాలోంచి బయటికి తీసిన రసాయనాన్ని మళ్ళీ సీసాలో పోయకూడదని ల్యాబులో మొదటి రోజే చెబుతారు, మిగిలింది పారెయ్యాలి. ఆరేళ్ళలో ఒక్కసారైనా తను పారేసిందా? ఎంత గుర్తుచేసుకున్నా ఒక్కసారీ గుర్తుకు రాలేదు.

శశిభూషణ్‌గారు ఆమె చేతిలోని కాగితం అందుకుని మళ్ళీ పళ్ళెంలో పెట్టారు. ముల్లు ఒక పక్కకు ఒరిగిపోయింది. అవతల పళ్ళెంలో చిన్న చిన్న తూకం రాళ్ళు పెంచుతూ పోయారు. నాలుగు వందల మిల్లీగ్రాముల దగ్గర ముల్లు నిలబడింది.

"నాలుగు వందలు! ఒక గ్రాము అని రాసిన చోట ఒకటీ పాయింటు నాలుగు!"

"కానీ మీరింతసేపూ చూస్తూనే ఉన్నారు కదండీ" అన్నారు చలపతిగారు, ఇంకా నమ్మకం కుదరక.

"నేను ముల్లు చూశానండీ. ముల్లు చూసి రాసుకోడానికి తల దించాను."

"నేను ముల్లు చూడనండి. నలభై ఏళ్ళ నుంచి చేతులే చూస్తున్నాను" అన్నారు జోగేశ్వరరావుగారు. అనేసి, అప్పుడు ఆయనకు అసలు విషయం తలకెక్కింది. "అయ్యా, ఇది నా పొరపాటండి. దానికి అయిదేళ్ళప్పుడు కొట్లో గల్లా పక్కన కూర్చోబెట్టి నేనే నేర్పాను. తూకం అయ్యాక గరిటెలో మిగిలింది బస్తాలో పోయకమ్మా, కొనుక్కునేవాళ్ళు దాన్నే చూస్తుంటారు, పొట్లంలో వేసెయ్యి అని. వాళ్ళ తాతా నాకు అలాగే నేర్పాడు. దీని చదువు నా వల్ల పాడైపోతుందనుకోలేదండి." కండువా చివరతో కళ్ళు ఒత్తుకున్నారు.

మధులతకు సిగ్గు ముంచుకొచ్చింది. కాలేజీలో చేరిన కొత్తలో 'కొట్టువాళ్ళమ్మాయి' అని ఎవరో అంటే విని, అప్పటినుంచి తన మాటలోంచి, నడకలోంచి, కట్టుబొట్టులోంచి ఆ కొట్టును ఎంతో జాగ్రత్తగా తుడిచేసుకుంది. కుడిచేతిలో మాత్రం అది అలాగే ఉండిపోయింది. ఆ సిగ్గు వెనకనే, దాన్ని తోసుకుంటూ, పెద్ద సంతోషం వచ్చింది. తను అబద్ధం చెప్పలేదు! పొరపాటు చేసింది, నిజమే. ఆరేళ్ళు వరసగా, మానకుండా, ఒకే పొరపాటు చేసింది. కానీ పదకొండు పదకొండే. ఆమె వెళ్ళి తండ్రి చెయ్యి పట్టుకుంది.

"మీరు రాకపోతే నేను చచ్చేదాకా తెలుసుకునేదాన్ని కాదు నాన్నా. ఎందుకేడుస్తారు?"

"ఆగండాగండి" అన్నారు శశిభూషణ్‌గారు. ఆయన ఇప్పుడు ఎవరి కన్నీళ్ళూ పట్టించుకునే స్థితిలో లేరు. "ఒకరోజు ఎక్కువా ఒకరోజు తక్కువా పడితే ఫలితాలు చెల్లాచెదరుగా రావాలి. ఈవిడ ఫలితాలు గీత గీసినట్టున్నాయే! అమ్మా, పదిసార్లు కొసరు వెయ్యండి. వేరే కాగితం మీద."

కావాలని వేయమంటే చెయ్యి బిగుసుకుపోయింది. మొదటి రెండుసార్లు పిచ్చి పిచ్చిగా పడింది. "అలా కాదమ్మా. మంగళవారం సంత, కొట్టు నిండా జనం. కిలో శనగపప్పు కట్టు" అన్నారు జోగేశ్వరరావుగారు. మధులత నవ్వేసింది. నవ్వుతూనే చెయ్యి దులిపింది. నాలుగు వందల పది. మూడు వందల తొంభై. నాలుగు వందలు. నాలుగు వందలు. పదో తూకం అయ్యేసరికి శశిభూషణ్‌గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మేం లక్షలు పోసి కొన్న ఎలక్ట్రానిక్ త్రాసు కూడా వానాకాలంలో ఇంత నిక్కచ్చిగా ఉండదండీ."

"మూడు తరాల చెయ్యండి" అన్నారు జోగేశ్వరరావుగారు. ఆయన కండువా మళ్ళీ భుజం మీదికి వెళ్ళింది.

తర్వాత జరిగింది చూడాల్సిన ముచ్చట. శశిభూషణ్‌గారు తన సంచీలోంచి వాళ్ళ ల్యాబు గ్రాఫు తీశారు. ఎంత ఫ్లోరిన్ కలిపితే నిరోధం ఎంతకు దిగిందో చూపించే గీత అది. మధులత గ్రాఫును బటర్ పేపరు మీద దించి, ఆ కాగితాన్ని తమ గీత మీద పెట్టారు. రెండూ ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి. కాగితాన్ని మెల్లగా కుడివైపు జరిపారు. ఒక గడి, రెండు, మూడు. పది గ్రాముల తగరానికి నాలుగు వందల మిల్లీగ్రాములు అంటే నూటికి నాలుగు. సరిగ్గా నాలుగో గడి దగ్గర మధులత గీత వెళ్ళి ఆయన గీత మీద కూర్చుంది. వెంట్రుకవాసి కూడా పక్కకు పోలేదు.

"చూశారా చలపతిగారూ! ఈవిడ నూటికి ఆరు అని రాసింది నిజానికి పది. అక్కడ ఈవిడకీ ముప్పై మూడే, మాకూ ముప్పై మూడే. ఈవిడ పది అన్నది పద్నాలుగు. మేం పది దాటి ఒక్క అడుగు ముందుకు వెయ్యలేదు. ఎందుకు వేస్తాం? అదే మేలని పేపర్లో ఉందాయె!"

అప్పటికప్పుడు ఆయనే ఒకటీ పాయింటు నాలుగు తూచారు. చెంచాలో మిగిలింది పారేశారు. ఆయనే నాజిల్ పట్టుకున్నారు. అరగంట పాటు నలుగురూ వేడి పలక చుట్టూ నిలబడ్డారు. పలక చల్లారింది. ఆయన దాన్ని ఆనాటి వార్తాపత్రిక మీద పెట్టి గోదావరి నీటిమట్టం వార్త అక్షరం పొల్లుపోకుండా చదివారు. సూదుల కింద పెట్టారు.

పదకొండు!

శశిభూషణ్‌గారు నవ్వడం మొదలుపెట్టారు. పొట్ట పట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. చలపతిగారు నవ్వారు, జోగేశ్వరరావుగారు నవ్వారు, మధులతకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "సంతకం పెడతానమ్మా. కానీ పాళ్ళన్నీ దిద్దాలి. ఎందుకు దిద్దారో కూడా రాయాలి, థీసిస్‌లోనూ, మీ పేపరు వేసిన పత్రికకూ."

"కొసరు అని రాయొచ్చాండి?"

"ఆ మాటే రాయండి. దానికి ఇంగ్లీషు వెతక్కండి."

నవ్వు ఆగాక ఆయన మొహం ఒక్కసారిగా మారిపోయింది. కిటికీ వైపు చూశారు. "నేను ఒకరికి క్షమాపణ చెప్పుకోవాలండీ. ఆ ఎనిమిది నెలలూ మా ల్యాబులో ఈ పని చేసింది భానుతేజ అని మా రీసెర్చి స్కాలరు. ముప్పై మూడుకి తగ్గట్లేదని, నీ చేతిలో పని లేదు, ఇంకేదైనా చూసుకో అని అందరిముందూ అనేశాను. సాక్ష్యంగా ఉంటాడని వెంట తెచ్చాను. ప్రయోగం తేలేదాకా లోపలికి రావద్దన్నాను. పొద్దుటినుంచీ వరండాలోనే ఉన్నాడు."

తన పేరుకు మచ్చ వస్తుందని మధులత ఇంతసేపూ భయపడింది. తన చెయ్యి దులిపిన దానికి ఇంకొకరి పేరు అప్పటికే పోయిందని ఇప్పుడు తెలిసింది. "ముందు నేను చెబుతానండి" అని గబగబా బయటికి నడిచింది.

వరండాలో బల్ల మీద ఒకతను కూర్చుని వాన చూస్తున్నాడు. పాతికేళ్ళు దాటి ఉంటాయి. చొక్కా చేతుల మీద యాసిడ్ పడ్డ చిల్లులు. ఒళ్ళో ఒక చెక్కపెట్టె. ఆమెను చూసి లేచాడు.

"మీరు భానుతేజగారు కదండీ? నేను మధులతను. ఆ ఎనిమిది నెలల్లో తప్పు మీ చేతిది కాదండి, నా చేతిది. నేను రాసిన పాళ్ళే తప్పు. క్షమించమని అడగడానికి వచ్చాను." ఒక్క గుక్కలో చెప్పేసింది.

అతను కోపగించుకోలేదు. "కిటికీలోంచి అంతా వినబడిందండి" అన్నాడు. "ప్రాణం లేచొచ్చింది. కాకపోతే నేను ఇంకో సంగతి అడగాలని వచ్చాను." చెక్కపెట్టె తెరిచాడు. లోపల వరసగా గాజు పలకలు, ఒక్కోదానికీ ఒక నంబరు. "అరవై రెండున్నాయండి. అన్నీ మీ పేపర్లో ఉన్న పాళ్ళతో వేసినవే. అరవై ఒకటి ముప్పై మూడు దగ్గరే ఆగిపోయాయి. ఇదొక్కటి మాత్రం..." చివరన విడిగా దాచిన పలక తీసి ఆమె చేతిలో పెట్టాడు. "మే నెలలో వచ్చింది. మళ్ళీ రాలేదు. నమ్మరని సార్‌కి చూపించలేదు."

మధులత దాన్ని లోపలికి తీసుకెళ్ళి సూదుల కింద పెట్టింది. మీటరు మీద అంకె చూసి, తుడిచి మళ్ళీ పెట్టింది. శశిభూషణ్‌గారు లేచి వచ్చి ఆమె భుజం మీదుగా చూశారు.

ఏడు.

"నూటికి పది పాళ్ళతోనా? కొసరు లేకుండానా?" అన్నారాయన. గొంతులో పొద్దుటి కాఠిన్యం లేదు. "ఆ రోజు ఏం చేశావయ్యా భానుతేజా?"

గుమ్మంలో నిలబడ్డ భానుతేజ ఆయన వైపు చూడలేదు. "చెప్తే మీరు నవ్వకూడదండి" అన్నాడు మధులతతో.

"ఇవాళ ఈ గదిలో అందరూ నన్ను చూసి నవ్వినవాళ్ళేనండి. పర్లేదు, చెప్పండి" అంది మధులత. స్టూలు ఒకటి అతని ముందుకు లాగింది.

భానుతేజ ఒకసారి ప్రొఫెసర్‌గారి వంక బెరుగ్గా చూసి, చెప్పబోయే ముందు వెళ్ళి ల్యాబు తలుపు గడియ పెట్టాడు. అదేమిటో వచ్చే వారం విందాం.